మోదుగాకు దొరకని రేవు

కరీంనగర్‌లో ఒక మనిషి దుబాయి పోయాడంటే దుబాయికే పోయాడని అనుకోనక్కర్లేదు. గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా మాకు దుబాయే. నేనూ ఆ లెక్కన దుబాయి పోయినవాణ్నే. పోయేనాటికి యాభై దగ్గరపడ్డాయి. దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో చాలాకాలం డెస్కు మీద పనిచేశాను. పేజీలు తగ్గాయి, డెస్కును హైదరాబాద్‌కు తరలించారు, మాలో కొందరిని తరలించలేదు. ఒక నిర్మాణ కంపెనీకి లేబర్ క్యాంపులో రోజువారీ రిపోర్టులు రాసే గుమాస్తా కావాలని తెలిసి వెళ్లాను. ఎంత సిమెంటు పోశారు, ఎంతమంది పనికి వచ్చారు, ఎవరికి ఎండదెబ్బ తగిలింది అని రాయాలి. వార్తలే, చదివేవాళ్లు లేని వార్తలు.

ఇంటి నుంచి నేను వెంట తీసుకుపోగలిగిన అలవాటు ఒకటే ఉంది, తెడ్డు వేయడం.

అది ధర్మపురిలో అబ్బింది. మా మేనమామ ఇల్లు అక్కడ. ఎండాకాలం సెలవుల్లో గోదావరి రేవులో పుట్టి నడిపే ఒకాయన వెనక తిరిగి నేర్చుకున్నాను. పుట్టి అంటే గుండ్రటి వెదురు బుట్ట, అడుగున తారు పూసిన పట్టా. దానికి ముందూ వెనకా ఉండవు. నడిపేవాడు ఒక అంచున మోకాళ్ల మీద కూర్చుని, ముందున్న నీళ్లను తెడ్డుతో తన వైపు లాక్కుంటాడు. లాగినకొద్దీ పుట్టి ముందుకు పోతుంది. ఏమరితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఉద్యోగం వచ్చాక మానేరు డ్యాం దగ్గర చేపలు పట్టేవాళ్ల నుంచి పాత పుట్టి ఒకటి కొని, వాళ్ల దగ్గరే పెట్టి, పొద్దున్నే ఒక చుట్టు తిరిగి వచ్చేవాణ్ని. వాళ్లు థర్మాకోల్ షీట్లను వలలో చుట్టి తెప్పల్లాగా వాడేవాళ్లు. నీళ్లలోకి పోయి చేప లేకుండా తిరిగొచ్చే మనిషిని వాళ్లు అంతకుముందు చూడలేదు.

క్యాంపుకు బస్సు దూరంలో సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ ఒకటి ఉండేది. ఒడ్డున మడ చెట్లు. ఒక ఫిలిప్పీన్స్ మనిషి అక్కడ కాయాక్‌లు అద్దెకిచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా, చిక్కుడుకాయలాంటి ప్లాస్టిక్ పడవలు. శుక్రవారం సెలవు. మొదటి శుక్రవారం నేను అందులో కూర్చుని, అలవాటు కొద్దీ ముందుకు వంగి నీళ్లను నా వైపు లాక్కున్నాను. పడవ నీళ్లలో నిలబడి తల ఊపింది తప్ప కదల్లేదు. ఒడ్డున ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ తెడ్డుకు రెండు చివరలా రెండు రెక్కలు. కుడివైపొకసారి, ఎడమవైపొకసారి నీళ్లను వెనక్కి తోసెయ్యాలి. లాక్కునే చేతులకు తోసెయ్యడం నేర్పడానికి ఆ చలికాలం అంతా పట్టింది.

పడవ ఎక్కేముందు చేరెడు నీళ్లు తల మీద చల్లుకోవడం గోదావరి అలవాటు. అక్కడా చల్లుకున్నాను. కళ్లు భగ్గుమన్నాయి. పెదాల మీద ఉప్పు పొక్కు కట్టేది. అన్ని నీళ్ల మధ్య కూర్చుని, మొహం కడుక్కోవడానికి సీసా నీళ్లు వెంట తీసుకుపోవలసి వచ్చేది. ఇంకొకటి కూడా అలవాటు చేసుకోవలసి వచ్చింది. ఆ నీళ్లు పొద్దున ఒక దిక్కు పోతే మధ్యాహ్నానికి ఇంకో దిక్కు పోతాయి. పత్తి ధరల్లో ఆటుపోట్లు, జిల్లా రాజకీయాల్లో ఆటుపోట్లు అని ఎన్నో హెడ్డింగులు పెట్టినవాణ్ని. ఆటును, పోటును కళ్లతో చూసింది అక్కడే. పడవల దుకాణం ముందు పలక మీద ఆ ఫిలిప్పీన్స్ ఆయన ఏ వేళకు నీళ్లు లోపలికి వస్తాయో, ఏ వేళకు బయటికి పోతాయో సుద్దతో రాసి పెట్టేవాడు. నేను అది చూసుకునే దిగేవాణ్ని.

మా గదిలో అందరూ మా పక్కవాళ్లే. నా పైమంచం అతను బెల్లంపల్లి మనిషి. కడ్డీలు వంచి కట్టే పని. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో చేసి రిటైరై, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసిన ఏడాదికే పోయాడు. బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొడుకు వంతు వచ్చేసరికి దిగడానికి బాయి లేదు. సెలవు రోజు నేను తెల్లవారి తయారవుతుంటే పైనుంచి తల వేలాడేసి ఆటపట్టించేవాడు.

"పైసలు కట్టి పడవ నూకేటోన్ని నిన్నే జూసిన అన్నా. మాకాడ నూకితే ఎదురు పైసలిస్తరు."

ఒకసారి బలవంతాన తీసుకుపోయాను. ఇద్దరు కూర్చునే కాయాక్. ఒడ్డు నుంచి నాలుగు బారలు పోయామో లేదో, రెండు చేతులా అంచులు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఈత రాదు. నీళ్లు నడుము దాటిన చోట ఎన్నడూ నిలబడలేదట.

"మా బాపు భూమిల దిగి బతికిండు. నేను ఎండల ఎక్కి బతుకుతున్న. నీళ్లు మా ఇంట్ల లెవ్వన్నా. నన్ను ఒడ్డుకు ఇడువు."

వెనక్కి తీసుకొచ్చాను. ఆ సంగతి అదే రోజు భార్యకు ఫోన్‌లో చెప్పుకుని నవ్వాడు. బెల్లంపల్లిలో ఆమె కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేది. పిల్లలు లేరు. స్పీకర్ పెట్టి మాట్లాడే మనిషి కాబట్టి ఆమె గొంతు గదిలో అందరికీ తెలుసు. నన్ను అన్న అనేది.

ఆ తర్వాత కరోనా వచ్చింది. క్యాంపు గేటు మూశారు. అతనికి జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది. తెల్ల బట్టల్లో నిలువునా కప్పుకున్నవాళ్లు వచ్చి తీసుకుపోయారు. చెప్పులు వేసుకుని నడిచే వెళ్లాడు. చార్జరు మరిచిపోతే నేను కిటికీలోంచి విసిరితే పట్టుకున్నాడు. మళ్లీ రాలేదు. పైమంచం కమ్మీలు కిర్రుమనడం ఆగిపోయింది. అలవాటైన చప్పుడు లేక నాకు నిద్ర పట్టేది కాదు.

విమానాలు లేవు. శవం ఎప్పటికి కదులుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఉంచమంటే చలిపెట్టెలో ఉంచుతామని, ఒప్పుకుంటే అక్కడే దహనం చేయిస్తామని కంపెనీ ఆఫీసు అడిగింది. అటు అడగవలసింది ఆమెను. అడగవలసిన పని నా మీద పడింది, మాట్లాడటం వచ్చినవాణ్నని. ఆమె చలిపెట్టె అంటే ఏమిటో అడిగి తెలుసుకుంది. తర్వాత ఒక్కటే అంది.

"చలిపెట్టెల పెట్టకుండ్రన్నా. ఆడనే కాలబెట్టుండ్రి."

మమ్మల్ని వెళ్లనివ్వలేదు. కొన్నాళ్లకు కంపెనీ డ్రైవరు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి గేటు దగ్గర పెట్టి పోయాడు. గదిలో అందరికన్నా పెద్దవాడు జగిత్యాల పక్క మేస్త్రీ. చావు కార్యాల సంగతులు ఆయనకు తెలుసు. అస్థికలు కప్పు కిందికి తేవద్దన్నాడు. మా దగ్గర నదికి పోయేదాకా ముంతను చెట్టుకు కడతారు. క్యాంపులో చెట్టు లేదు. నీళ్ల ట్యాంకును మోసే ఇనుప స్టాండుకు కట్టాము. పొద్దున బకెట్లు పట్టుకుని దాని కింది నుంచే పోవాలి. గట్టిగా మాట్లాడుకుంటూ వచ్చేవాళ్లు అక్కడికి రాగానే గొంతు తగ్గించేవాళ్లు.

ఎండాకాలం ముదిరింది. గేటు కొద్దిగా తెరిచారు కానీ విమానాల సంగతి తేలలేదు. ఒకరోజు ఆమె ఫోన్ చేసింది. ఎముకలు వేలాడుతున్నంత కాలం మనిషి ఇటూ కాడు, అటూ కాడని వాళ్లవాళ్లు అంటున్నారట. కన్ను మూస్తే ఆ ట్యాంకు స్టాండే కనిపిస్తోందట. దాన్ని ఆమె చూసింది లేదు. మేము చెప్పగా విన్నదే.

"ఆడనే నీళ్లల్ల కలుపన్నా. గంగ ఏడున్నా గంగనే గద. నువ్వు పడవ నూకుతవని ఆయన చెప్పేటోడు. పోయినయని నీ నోటితోని చెప్పు, గప్పుడు బువ్వ ముడుత."

అప్పటికి అన్నం మానేసి ఎన్నాళ్లయిందో నేను అడగలేదు.

మేస్త్రీ ఏర్పాట్లు చూశాడు. కొత్త తెల్లబట్ట ముక్కలో మూట కట్టాడు. ఎవరి పెట్టెలోనో కర్పూరం దొరికింది. దొరకనిది మోదుగాకు. ధర్మపురి రేవులో మా పక్కవాళ్లు కొందరు అస్థికల మూటను మోదుగాకుల విస్తరి మీద పెట్టి, కర్పూరం వెలిగించి ప్రవాహంలో వదులుతారు. ఆకు నానుతూ నానుతూ కొంత దూరం పోయి మూటతో సహా మునుగుతుంది. ఆ ఎడారిలో విస్తరి ఎక్కడ తేవాలి? మెస్సు వెనక ద్రాక్షపళ్లు వచ్చిన థర్మాకోల్ పెట్టెలు పడి ఉండేవి. మేస్త్రీ ఒక మూత తెచ్చి, బ్లేడుతో గుండ్రంగా విస్తరిలాగా కోశాడు. అంచులు కూడా నున్నగా చేశాడు. చేతిలో తిప్పి చూసుకుని, నీళ్లల్ల మంచిగ పోతదన్నాడు. నాకూ మానేరు డ్యాంలో చేపల తెప్పలే గుర్తొచ్చాయి. థర్మాకోల్ మునగదు, నమ్మకమైనదనుకున్నాను. విస్తరి మునగవలసిన వస్తువని గదిలో ఒక్కరికీ తోచలేదు.

బయల్దేరేముందు మేస్త్రీ ఇంకొక మాట చెప్పాడు. "ఇడిచినంక ఎనుకకు సూడకు. సూస్తే పోయేటోనికి కాళ్లు పడయి."

అది చిన్నప్పటి నుంచీ తెలిసిందే. రేవులో పుట్టి నడిపే ఆయన కూడా అస్థికలు కలిపాక పుట్టిని ఒడుపుగా తిప్పి, అందరి వీపులూ అటు చేసి, తల తిప్పకుండా ఒడ్డుకు తెచ్చేవాడు.

శుక్రవారం పొద్దున్నే పోయాను. దుకాణం తెరిచి కొద్దిరోజులే అయింది. పలక మీద మూతపడక ముందు రాసిన సుద్ద సగం చెరిగి అలాగే ఉంది. చూసుకోవాలన్న ఆలోచన రాలేదు. ఆ పూట నా తలలో ఉన్నది సముద్రం కాదు, గోదావరి. మూట ఒళ్లో పెట్టుకుని మడ చెట్లు దాటి, పాయ వెడల్పయ్యే చోటి దాకా తోసుకుంటూ వెళ్లాను. నీళ్లు కొంచెం ఎదురొచ్చాయి. గోదావరిలోనూ పోయేటప్పుడు ఎదురే పోతాం, చేతుల్లో బలం ఉన్నప్పుడు. వచ్చేటప్పుడు వాలు తీసుకొస్తుంది. అంతా పద్ధతిగానే ఉందనిపించింది.

మూతను నీళ్ల మీద పెట్టాను. మూట పెట్టాను. కర్పూరం వెలిగించాను. ఎండలో మంట కనబడలేదు, వాసన మాత్రం వచ్చింది. అతని పేరు ఒకసారి పలికి వదిలేసి, కాయాక్‌ను తిప్పుకున్నాను. వెనక్కి చూడలేదు.

తిరుగు ప్రయాణంలో తెడ్డు ఎంతో తేలికగా పడింది. అంత తేలికగా ఆ నీళ్లలో ఎన్నడూ పడలేదు. మనిషి బరువు దిగిపోయిందనుకున్నాను. బహుశా ఏడ్చాను కూడా. ఉప్పునీళ్లలో, చెమటలో ఏది ఏమిటో తెలియలేదు.

ఒడ్డున గొట్టంతో కాయాక్ కడుగుతున్నాను. దుకాణం ఆయన నా భుజం తట్టి నీళ్లవైపు చూపించాడు. పడవలు దింపే సిమెంటు ఏటవాలు అంచుకు తెల్లటి మూత ఒకటి వచ్చి తగులుతోంది. వెనక్కి జరిగి మళ్లీ తగులుతోంది. దాని మీద మూట పొడిగా ఉంది. పక్కన కర్పూరం కాలిన నల్లటి మచ్చ. దారంతా అది నా వెనకాలే వచ్చింది. నన్ను తోసుకొచ్చిన నీళ్లే దాన్నీ తోసుకొచ్చాయి. ఒక్కసారి తల తిప్పి ఉంటే కనబడేది.

ఆయనకు విషయం ఎలా చెప్పాలో తెలియక, చనిపోయిన మిత్రుడని మాత్రం అన్నాను. ఆయన టోపీ తీసి పక్కకు నిలబడ్డాడు.

మూటను తిరిగి క్యాంపుకు తెచ్చాను. మేస్త్రీ చూసి కోపం తెచ్చుకున్నాడు. ఒకసారి వదిలినదాన్ని చేత్తో ముట్టడమేమిటని, మళ్లీ ఇంకా లోపలికి పోయి విసిరి రావలసిందని అన్నాడు. ఆమె ఫోన్ మోగుతోంది. ఆ పొద్దుటి నుంచి మోగుతూనే ఉంది.

"పోయినయని చెప్పు," అన్నాడు మేస్త్రీ మెల్లగా. "ఎవలు సూడొచ్చిండ్రు? ఆమె ఇంత బువ్వ తింటది."

ఆ మాటలో తప్పేమీ లేదు. చెప్పవలసింది రెండు ముక్కలే. అవి చెబితే ఆమె ఆ పూట పొయ్యి వెలిగిస్తుంది. ఫోన్ ఎత్తగానే ఆమె హలో కూడా అనలేదు.

"పోయినయా అన్నా?"

"పోలే చెల్లె," అన్నాను. "తిరిగొచ్చినయి."

ఎలా వచ్చాయో చెప్పాను. మూత సంగతి, నీళ్ల సంగతి, నేను చూడని సంగతి. అటువైపు కుట్టుమిషన్ తిరగడం లేదు, ఫ్యాన్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఏడుస్తుందని ఎదురుచూశాను.

"ఆయనకు నీళ్లంటే భయమన్నా," అంది చివరికి. "తెల్వని నీళ్లల్ల ఒక్కడు ఎట్ల పోతడు? నువ్వొచ్చేటప్పుడు తీస్కరా."

మూట మళ్లీ ట్యాంకు స్టాండు ఎక్కింది.

విమానాలు మొదలయ్యాక కంపెనీ మాలో చాలామందిని ఇళ్లకు పంపేసింది. నేనూ ఆ గుంపులోనే వచ్చాను. మూటను చేతిసంచిలో పెట్టుకున్నాను. కరీంనగర్‌లో ఇంటికి తీసుకుపోకూడదు కాబట్టి మా వీధి చివరి వేపచెట్టుకు కట్టి, తెల్లవారి ధర్మపురి బస్సెక్కాను. ఆమె బెల్లంపల్లి నుంచి తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. గొంతును బట్టి నేను ఊహించుకున్న మనిషి వేరు. ఎదురుగా ఉన్నామె చెంపలు లోపలికి పోయాయి, జాకెట్ చేతులు వదులయ్యాయి. తింటున్నావా చెల్లె అని అడిగాను. రొట్టె తింటున్నానంది. బువ్వ ముట్టలేదంది. చంకలోని గుడ్డసంచిలో అన్నం పెట్టుకొచ్చిన చిన్న టిఫిన్ డబ్బా ఉంది.

ఎగువన డ్యాం గేట్లు మూసి ఉన్నాయి. గోదావరి సగం ఇసుక. మధ్యలో మడుగులాగా నీళ్లు. అయినా నది నదే కదా అని రేవులోకి దిగాము. నాకు నేర్పినాయన లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. ఆడవాళ్లు ఎందుకని ఒకసారి గొణిగాడు కానీ ఆమె అప్పటికే పుట్టిలో కూర్చుంది. తమ్ముడు ఒడ్డునే ఉండిపోయాడు. పుట్టి ఆయనకు వాళ్ల నాన్న దగ్గరే నేర్చానని చెప్పి, తెడ్డు నేను వేస్తానన్నాను. ఇచ్చాడు.

మోకాళ్ల మీద కూర్చుని కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి నీళ్లను వెనక్కి తోశాను. పుట్టి గిర్రున తిరిగింది. మళ్లీ తోశాను, మళ్లీ తిరిగింది. పుట్టి ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏ ఊరి తెడ్డు ఇది సారూ? మా బాపు దగ్గర నేర్సిన అన్నవ్."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో లేదో తెలియదు. చేతులు ఆపి, గుర్తు తెచ్చుకుని, ముందుకు వంగి నీళ్లను నా వైపు లాక్కోవడం మొదలుపెట్టాను. పుట్టి మడుగు మధ్యకు వచ్చింది.

విస్తరి ఆమే కుట్టుకొచ్చింది, మోదుగాకులతో, చీపురుపుల్లలు గుచ్చి. మూట దాని మీద పెట్టి రెండు చేతులతో నీళ్ల మీదికి జరిపింది. నేను పుట్టిని తిప్పాను. ముగ్గురి వీపులూ అటు అయ్యాయి. నాలుగుసార్లు లాగానో లేదో, ఆమె అంది.

"అప్పుడు నువ్వు ఎనుకకు సూడలే గదన్నా. ఇప్పుడు సూడు."

"సూడద్దు బిడ్డా," అన్నాడు పుట్టి ఆయన. "పోయేటోనికి..."

"ఆయన ఒకసారి పోతనని మల్ల ఒడ్డుకు రాలేదా?" అంది ఆమె. "సూడన్నా."

తెడ్డు ఒళ్లో అడ్డం పెట్టుకుని తల తిప్పాను. విస్తరి మేము వదిలిన చోటే ఉంది. నీళ్లలో కదలిక లేదు.

"పోతున్నయా?"

"లే చెల్లె. ఆన్నే ఉన్నయి."

ఆమె తల తిప్పలేదు. "అయితే మనం గూడ ఆగుదాం," అంది.

పుట్టి ఆయన ఒడ్డున ఎదురుచూస్తున్న మరో కుటుంబం వైపు చూసి, బీడీ తీసుకుని చెవి మీద పెట్టుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. పుట్టి ఉన్నచోటే మెల్లగా తిరగబోతుంటే తెడ్డు నిలువుగా దించి ఆపాను. మోదుగాకు అంచులు తడిసి నల్లబడుతున్నాయి. నేను చూస్తూ ఉన్నాను, చూసింది చూసినట్టు ఆమెకు చెబుతూ ఉన్నాను. అంచు తడిసిందన్నాను. బట్ట కూడా తడుస్తోందన్నాను. ఆమె ప్రతిదానికీ ఊ కొట్టింది.

"ఒక పక్కకు ఒరిగింది చెల్లె," అన్నాను.

ఆమె చెయ్యి ఒళ్లోని టిఫిన్ డబ్బా మూత మీద ఉంది. ఇంకా తెరవలేదు.